రంపం వెనుక చీల

గురువారం జుమ్మెరాత్ బజార్. ఆదివారం ఎర్రగడ్డ. మిగిలిన రోజుల్లో రాణిగంజ్. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో పాత ఇనుముకీ ఓ పంచాంగం ఉంది. వారం చూసుకుని బయల్దేరితే చాలు... కుర్చీకి కొట్టే మేకు నుంచి కారఖానాలో తిరిగే మోటారు దాకా దొరకని సరుకుండదు.

ఆ పంచాంగం పట్టుకుని ఈమధ్య ఓ వారం తిరిగాం. మేమంటే ముగ్గురం. ఒకరు నా మిత్రుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండేళ్లుగా సెలవు రోజుల్లో వడ్రంగం నేర్చుకుంటున్నాడు. ఉలి పట్టడం, చిత్రిక పట్టడం ఒంటబట్టాయి. రెండు పీటలు, ఒక పుస్తకాల అర తయారు చేశాడు. ఇక యంత్రం కొనాలన్న కోరిక పుట్టింది. రెండోవారు నల్గొండ జిల్లా నుంచి నలభై ఏళ్ల కిందట నగరానికి వచ్చిన మేస్త్రీ. అరవై దాటాయి. ఇప్పుడు పని తగ్గించుకుని, అడిగినవాళ్లకు నేర్పుతున్నారు. మూడోవాణ్ని, నోటుబుక్కు పట్టుకుని వెంటపడ్డ నేను.

మిత్రుడు వెతుకుతున్నది టేబుల్ సా. పేరు కొత్తగా ఉన్నా వస్తువు చాలామంది చూసిందే. టింబర్ డిపోకో, ఫర్నిచర్ షెడ్డుకో వెళ్తే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటుందే, అదే. మేస్త్రీలు మామూలుగా 'కటింగ్ మిషన్' అనేస్తారు. ఓ బల్ల, బల్ల మధ్యలో సన్నటి సందు, ఆ సందులోంచి పైకి తేలి గిర్రున తిరిగే గుండ్రటి రంపం. చేతిరంపం పనిలో చెక్క కదలదు, రంపం కదులుతుంది. ఇక్కడ రంపం ఉన్నచోటే తిరుగుతుంటుంది, చెక్కను మనం దాని మీదకు తోస్తాం. సులువంతా అందులోనే ఉంది. ప్రమాదమూ అందులోనే ఉంది!

గుండ్రటి రంపం నిన్నమొన్నటిది కాదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు చెందిన శామ్యూల్ మిల్లర్ 1777లో తీసుకున్న పేటెంటులోనే దాని ప్రస్తావన ఉంది. ఫర్నిచర్ ఫ్యాక్టరీల్లో ఇప్పుడు కనిపించే జారుడు బల్ల రంపం, అదే ప్యానెల్ సా, జర్మనీలో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ 1906లో తయారుచేసిన నమూనా నుంచి వచ్చింది. మన నగరంలో మాడ్యులర్ కిచెన్ల గిరాకీ పెరిగాక పెద్ద షెడ్లు ప్యానెల్ సాలకు మారాయి. వాటి పాత యంత్రాలు మూలన పడ్డాయి. ఆ మూలల్లోంచి కొన్ని బయటికొచ్చి ఈ బజార్లకు చేరుతున్నాయి.

కొత్తది కొనొచ్చు కదా అంటారా? పేరున్న కంపెనీల 10 అంగుళాల యంత్రం కొనాలంటే నలభై వేల రూపాయల చుట్టూ, ఆపైన పెట్టాలి. ఇష్టం ఎన్నాళ్లుంటుందో తెలియని పనికి అంత పెట్టడానికి ఎవరికైనా చెయ్యి రాదు. అందుకే సెకండ్ హ్యాండ్ వేట.

ఆదివారం... ఎర్రగడ్డలో

మెట్రో దిగి మెట్లమీద నుంచి చూస్తేనే తెలిసిపోతుంది, ఇవాళ సంత అని. రోడ్డు పక్కన పరిచిన పట్టాల మీద పాత బూట్లు, సెల్‌ఫోన్ చార్జర్లు, మిక్సీ జార్లు, సైకిల్ చెయిన్లు, తాళం లేని తాళపుచెవులు! వాటి మధ్యలో పనిముట్ల కుప్పలు. డ్రిల్లింగ్ మిషన్లు, గ్రైండర్లు, మార్బుల్ కట్టర్లు. మార్బుల్ కట్టర్ అంటే ఇళ్లలో గ్రానైటు పలకలు కోయడానికి వాడేది. దానికే చెక్క కోసే నాలుగంగుళాల రంపం బిళ్ల తగిలించి మన కార్పెంటర్లు ప్లైవుడ్ కోసేస్తుంటారు.

ఓ కుర్రాడు మా మాటలు విని పట్టా వెనక నుంచి చిన్న బల్ల తీశాడు. ప్లైవుడ్ పలకకు కింద మార్బుల్ కట్టర్‌ను తలకిందులుగా బిగించారు. పలకకు చేసిన సందులోంచి బిళ్ల పైకి వచ్చింది. 'టేబుల్ సా అన్నా... మూడు వేలియ్యి, తీస్కపో' అన్నాడు. ప్లగ్గు పెట్టి తిప్పి చూపించాడు కూడా.

మిత్రుడి కళ్లు మెరిశాయి. మేస్త్రీ మాత్రం వంగి బల్ల కిందకి చూశారు. కట్టర్‌కు కంపెనీవాళ్లు ఇచ్చిన ఇనుప తొడుగు లేదు. బల్లకు బిగించాలంటే అది అడ్డం, అందుకని ఊడబీకారు. ఆపే స్విచ్చు బల్ల కింద, కట్టర్ పిడికే ఉంది. అంటే ఆపాలంటే తిరుగుతున్న బిళ్ల కిందకి చెయ్యి పెట్టాలి. ఈ కట్టర్లు నిమిషానికి 12 వేల చుట్లు తిరుగుతాయి. 110 మిల్లీమీటర్ల బిళ్ల అంచు ఆ లెక్కన గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది.

'ఇది మిషన్ కాదు సారూ, బోను లేని పులి' అన్నారు మేస్త్రీ. కుర్రాడు నవ్వాడు. మేం ముందుకు కదిలాం.

ఎర్రగడ్డలో తెలిసొచ్చిన ఇంకో సంగతి మోటార్ల రకం. దీన్ని వంటింటి భాషలో చెప్పుకుంటే సులువు. చేత్తో మోసుకుపోయే చిన్న టేబుల్ సాలలో ఉండేది మిక్సీ మోటారు లాంటిది. తేలిక, వేగం, గోల. కార్బన్ బ్రష్షులు అరిగిపోతుంటాయి, మారుస్తుండాలి. పెద్ద ఇనుప యంత్రాలకు ఉండేది వెట్ గ్రైండర్ మోటారు లాంటిది. బరువెక్కువ, చప్పుడు తక్కువ, బెల్టుతో తిప్పుతుంది, ఏళ్లకేళ్లు నడుస్తుంది. పాతది కొనేటప్పుడు రెండో రకమైతేనే మేలన్నది మేస్త్రీ మాట. మిక్సీ పాతబడితే ఎలా ఉంటుందో, గ్రైండర్ పాతబడితే ఎలా ఉంటుందో ఇంట్లో అడిగినా చెబుతారు.

గురువారం... పురానాపూల్ దాటాక

1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్‌కు దగ్గర్లో గురువారం సంత. ఉర్దూలో గురువారాన్ని జుమ్మెరాత్ అంటారు. బజారుకు పేరూ అదే వచ్చింది. పొద్దున్నే వెళ్తే పాత పనిముట్ల మధ్య నడవడానికి కాస్త చోటుంటుంది. ఎండెక్కితే ఉండదు.

వడ్రంగం నేర్చుకునేవాళ్లకు ఇది పుట్టిల్లు లాంటి చోటు. తుప్పు పట్టిన ఉలులు, పిడి విరిగిన చిత్రికలు, బెంచీ వైసులు, క్లాంపులు, పాత తలుపు రెక్కలు. మేస్త్రీ ఓ కుప్ప దగ్గర చతికిలబడి పావుగంట ఏరారు. చివరికి ఒకటే ఉలి తీసుకున్నారు. గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినడం చూసి దుకాణదారు ధర పెంచేశాడు. ఇద్దరూ ఉర్దూలో కాసేపు తగువాడుకుని, నవ్వుకుని బేరం తెంపారు.

రంపం సంగతికొస్తే, ఇక్కడ యంత్రం మొత్తంగా దొరకలేదు. దాని గుండెకాయ మాత్రం దొరికింది. రెండు బేరింగుల మధ్య ఇరుసు, ఒక చివర బెల్టు చక్రం, రెండో చివర రంపం బిళ్ల బిగించే మర. దీన్ని కొనుక్కెళ్లి, గట్టి చెక్కతో బల్ల చేసి, కింద నీళ్ల మోటారు బిగించి చాలామంది పని నడిపించేవాళ్లట. మేస్త్రీ కూడా తొలి రోజుల్లో అలాంటి దానిమీదే కోశారు. 'అనుభవమున్నోడికి అది చాలు. కొత్తగ నేర్చెటోడికి గట్టి బల్ల కావాలె. బల్ల కదిలితే చెక్క కదులుతది, చెక్క కదిలితే చెయ్యి కదులుతది' అన్నారు. ఇరుసును అక్కడే వదిలేశాం.

శనివారం... రాణిగంజ్ సందుల్లో

జేమ్స్ స్ట్రీట్ పోలీస్ ఠాణా గడియారం దాటి సందుల్లోకి తిరిగితే లోకమే మారిపోతుంది. ఓ సందంతా పంపులు. ఓ సందంతా మోటార్లు. ఓ వరసలో బెల్టులు, ఇంకో వరసలో గొలుసులు. తోపుడుబండి మీద పైపులు పోతుంటే మనమే పక్కకి ఒదగాలి. గ్రీజు వాసన, ఇరానీ చాయ్ వాసన కలిసి వస్తుంటాయి.

ఇక్కడ అంకెలే భాష. బేరింగుల దుకాణంలో ఎవరూ వస్తువును వర్ణించరు. '6204 రెండు' అంటారు, అంతే. ఆ అంకెలోనే అన్నీ ఉన్నాయి. చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత. 04 అంటే 20 మిల్లీమీటర్లు. ఆ నంబరు బేరింగు బయటి చుట్టు 47, మందం 14. ఏ దేశంలో, ఏ కంపెనీలో తయారైనా ఇవే కొలతలు. పాత యంత్రం కొనేవాళ్లకు ఇది పెద్ద భరోసా. బేరింగు అరిగిందని భయపడాల్సిన పన్లేదు, నంబరు చెబితే కొత్తది చేతిలో పెడతారు. బెల్టూ అంతే, చక్రమూ అంతే. మార్చలేనివి వేరే ఉన్నాయి. వాటినే చూడాలి.

ఓ గోదాములో, గన్నీ సంచుల వెనక దొరికింది మేం వెతుకుతున్న యంత్రం. బీడుతో పోతపోసిన బల్ల, బీడు కాళ్లు. 12 అంగుళాల బిళ్ల. పోత అక్షరాలు రంగు కింద పూడిపోయి చదవరాలేదు. పంజాబు సరుకని సేఠ్ చెప్పాడు. బటాలా, లుధియానా ఊళ్ల పోత కార్ఖానాల నుంచి ఇలాంటి యంత్రాలు దేశమంతటికీ వెళ్తుంటాయి. మూతపడిన ఓ ఫర్నిచర్ షెడ్డు నుంచి తెచ్చాడట. 'ముప్ఫై రెండు వేలు సాబ్. లోహా దేఖో, లోహా!' అన్నాడు. ఇనుము చూడమని.

మేస్త్రీ ఇనుమే చూశారు. ముందు చిన్న సుత్తితో బల్లను నాలుగు మూలలా తట్టారు. పగుళ్లు లేని బీడు గంటలా ఖంగుమంటుంది. పగులుంటే 'బొద్దు'మంటుంది. నాలుగు మూలలా ఖంగుమంది. తర్వాత స్టీలు స్కేలును బల్లమీద నిలువుగా పెట్టి వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేయమన్నారు. స్కేలు కింద నుంచి వెలుగు వస్తే బల్ల వంగినట్టు. ఒక్కచోట వెంట్రుకంత గీత కనబడింది. 'పర్లేదు' అన్నారు. బల్ల మీది తుప్పును గోటితో గీకి చూశారు. పైపై తుప్పైతే కిరసనాయిలు, ఇనుప పీచు పెట్టి రుద్దితే పోతుంది. గుంటలు పడితే పోదు.

ఆపైన ప్లగ్గు పీకేయించి బిళ్ల మీద చెయ్యి వేశారు. ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టారు. ఆ పన్నును ముందుకు తిప్పి, బల్లమీదున్న గాడి నుంచి దూరం కొలిచారు. అదే పన్నును వెనక్కి తిప్పి మళ్లీ కొలిచారు. రెండు కొలతలూ ఒకటైతేనే బిళ్ల గాడికి సమాంతరంగా ఉన్నట్టు. తేడా ఉంటే కోసేటప్పుడు చెక్క వెనకపళ్లకు ఒరుసుకుంటుంది. తేడా సవరించుకునేంతే ఉంది. బిళ్లను పట్టుకుని పైకీ కిందకీ ఊపితే 'టక్ టక్' అంది. బేరింగులు పోయాయి. మేస్త్రీ మొహంలో ఏ మార్పూ లేదు. అవి 6204లే!

మోటారు రేకు మీద 3 హెచ్‌పీ, 415 వోల్టులు, 1440 ఆర్పీఎం అని ఉంది. అంటే త్రీఫేజు. మిత్రుడి ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు. దీన్ని ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే తిరగదు. 'మోటారు తీసేసి లెక్కకట్టు సేఠ్' అన్నారు మేస్త్రీ. బేరం అక్కడే సగం తెగింది.

ధర పలకనిది...

అంతా బాగుంది. అయినా మేస్త్రీ లేవలేదు. రంపం వెనక, బల్ల కింద ఇరుసు పక్కన, టార్చి వేసి ఏదో వెతుకుతున్నారు. అక్కడ రెండు మర రంధ్రాలున్నాయి. గ్రీజు, పొట్టు కలిసి గట్టిపడి పూడిపోయాయి. 'ఈడ ఉండాల్సింది ఏమాయె సేఠ్?' అని అడిగారు.

సేఠ్‌కు తెలియదు. తెచ్చినప్పుడే లేదన్నాడు. గోదాములో ఇంకో రెండు యంత్రాలుంటే వాటినీ చూశాం. వాటికీ లేదు. రంపం మీద ఉండాల్సిన మూత కూడా మూడింట్లో దేనికీ లేదు.

ఆ రంధ్రాల్లో ఉండాల్సింది ఓ ఉక్కు రెక్క. రివింగ్ నైఫ్ అంటారు. బిళ్ల వెనక, దాని వంపునే అనుసరిస్తూ నిలబడి ఉంటుంది. అదేం చేస్తుందో తెలియాలంటే రంపం ఎటు తిరుగుతుందో చూడాలి. మనవైపున్న పళ్లు పైనుంచి కిందకి దిగుతూ చెక్కను బల్లకు నొక్కిపెడతాయి. అందుకే ముందువైపు అంతా కుదురుగా అనిపిస్తుంది. వెనకపళ్లు మాత్రం కింద నుంచి పైకి లేస్తుంటాయి. చెక్కలో తేమ ఉన్నా, మెలి ఉన్నా కోసిన సందు మూసుకుంటుంది. అప్పుడు చెక్క వెనకపళ్లను కరుచుకుంటుంది. పళ్లు దాన్ని ఎత్తి, తోస్తున్న మనిషి మీదికే విసురుతాయి.

ఎంత వేగంతో? 1440 ఆర్పీఎం మోటారు మీద పెద్ద చక్రం, ఇరుసు మీద అందులో సగం చక్రం వేస్తే బిళ్ల నిమిషానికి 2880 చుట్లు తిరుగుతుంది. 12 అంగుళాల బిళ్ల అంచు వేగం గంటకు 165 కిలోమీటర్లు. 2003 ప్రపంచ కప్పులో షోయబ్ అఖ్తర్ వేసిన బంతి 161.3 కిలోమీటర్లని చెప్పుకున్నాం కదా, అంతకంటే ఎక్కువ. 40 పళ్లున్న బిళ్లయితే ఒక్క సెకనులో 1920 పళ్లు వేలి పక్కనుంచి వెళ్లిపోతాయి.

ఇంతసేపూ జేబులో ఉన్న ఎడమచెయ్యి మేస్త్రీ బయటికి తీశారు. వారం రోజులుగా చూస్తున్నదే అయినా అడగడానికి నోరు రాలేదు. చూపుడువేలు, నడిమివేలు రెండో కణుపు దగ్గరే ఆగిపోయాయి.

'ముప్ఫై ఏండ్ల కిందటి సంగతి. టేకు పలక. ఇంక జానెడు కోతుంది. చెక్క రంపాన్ని కరుసుకున్నది, తన్నింది. చెక్క పొయ్యి గోడకు తాకింది. దాని మీదున్న చెయ్యి రంపం మీద పడ్డది. నొప్పి తర్వాతొచ్చింది సారూ. ముందుగాల చప్పుడు మారింది' అన్నారు. ఆ మిషనుకు రెక్క లేదా అంటే, దాన్ని పీకేసింది తామేనన్నారు. సగం లోతు గాడి కొట్టాల్సిన పని వస్తే అడ్డం వస్తోందని తీసి పక్కన పెట్టారు. పని అయ్యాక ఎవరూ తిరిగి పెట్టలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 21వ సెక్షన్‌లో, తిరిగే యంత్ర భాగాలకు రక్షణ కంచె ఉండాలని రాశారు. చట్టం రాసుంది. షెడ్డులో రెక్క మూలన పడుంది. యంత్రం చేతులు మారినప్పుడల్లా ఏదో ఒకటి రాలిపోతుంది. మోటారు, బల్ల, చక్రం లాంటి ధర పలికేవి జాగ్రత్తగా చేతులు మారతాయి. పావుకిలో ఉక్కు రెక్కకు తూకంలో ధర రాదు కాబట్టి అది రాలిపోయినా ఎవరూ వెతకరు.

అమెరికాలో స్టీవ్ గాస్ అనే ఆయన ఇంకో దారి వెతికాడు. భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసిన పేటెంటు లాయరు, సరదాకి వడ్రంగం చేసేవాడు. వేలు తగిలితే చర్మపు విద్యుత్ గుణాన్ని బట్టి పసిగట్టి, అల్యూమినియం దిమ్మను బిళ్లలోకి దూసి 5 మిల్లీ సెకన్లలోనే ఆపేసే ఏర్పాటును 1999లో కనిపెట్టాడు. సాస్టాప్ పేరుతో అలాంటి యంత్రాలు 2004 నుంచి అమ్ముడవుతున్నాయి. రాణిగంజ్ గోదాముల్లో దాన్ని ఆశించలేం. ఆశించగలిగింది ఆ రెక్కనే. దానికి ఏ పేటెంటూ అక్కర్లేదు.

మేస్త్రీకి ఇంగ్లీషు పేరు చెబితే తల అడ్డంగా ఊపారు. 'గిది మన చీలే కద సారూ! మా నాయిన కాలంల కోతగుంట మీద పెద్ద రంపం లాగెటోళ్లు. పైన ఒకడు, కింద ఒకడు. మూరెడు కోసినంక ఆ సందుల ఓ చీల కొట్టెటోళ్లు. లేకుంటే మొద్దు రంపాన్ని కరుసుకుంటది. కరెంటొచ్చినంక చీల మర్సిపోయినం' అన్నారు.

చీల చేయించిన రోజు

మోటారు లేకుండా 19 వేలకు బేరం కుదిరింది. యంత్రం టాటా ఏస్ ఎక్కేలోపు మేస్త్రీ ఓ అట్టముక్క తెచ్చి బిళ్ల వంపును పెన్సిలుతో గీశారు. పక్క సందులోనే రేకులు కోసే దుకాణం ఉంది.

చీలకు లెక్కుంది. బిళ్ల రేకు మందం 2.2 మిల్లీమీటర్లు. పళ్లు రెండువైపులా కాస్త బయటికుంటాయి కాబట్టి కోత వెడల్పు 3.2. చీల ఈ రెంటికీ మధ్యలో ఉండాలి. కోతకన్నా మందమైతే చెక్క ఇరుక్కుంటుంది, రేకుకన్నా పల్చనైతే సందు మూసుకోకుండా ఆపలేదు. 2.5 మిల్లీమీటర్ల ఉక్కు రేకు తీసుకున్నాం. పళ్లకు, చీలకు మధ్య దూరం 3 నుంచి 8 మిల్లీమీటర్ల లోపు. ఎత్తు బిళ్లకంటే ఓ పిసరు తక్కువ. అలాగైతే సగం లోతు గాడి కొట్టేటప్పుడూ అడ్డం రాదు, పీకేయాల్సిన అవసరమూ రాదు. ఈ యంత్రంలో బిళ్ల ఉన్నచోటే ఉంటుంది, లోతు మార్చాలంటే బల్లను ఎత్తుతారు, దించుతారు. అదీ కలిసొచ్చింది. చీలను ఇరుసు పక్కన ఒకసారి బిగిస్తే బిళ్లకూ దానికీ దూరం మారదు.

కోత, రంధ్రాలు, బిగించే పట్టీ, అంతా కలిపి 850 రూపాయలు. 19 వేల యంత్రంలో అది ఇరవయ్యో వంతు కూడా కాదు.

మిగిలినవి మిత్రుడు వారం రోజుల్లో సమకూర్చుకున్నాడు. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు, రెండు బేరింగులు, కొత్త బెల్టు. గీజరుకు వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి విడిగా ఎర్తు వైరు. రంపం మీదకు పైనుంచి వేలాడే పాలికార్బొనేట్ మూత. స్విచ్చు దగ్గర మాత్రం మేస్త్రీ పట్టుబట్టారు. బావుల దగ్గర మోటార్లకు రైతులు ఆటో స్టార్టరు పెట్టుకుంటారు. కరెంటు పోయి వస్తే మోటారు దానంతటదే మొదలవుతుంది. రంపానికి సరిగ్గా దానికి విరుద్ధం కావాలి. కరెంటు పోయిందని బిళ్ల దగ్గర పొట్టు ఊడుస్తుంటే, వచ్చిన కరెంటు దాన్ని తిప్పకూడదు. పచ్చ బటను మళ్లీ నొక్కితేనే తిరగాలి. డీఓఎల్ స్టార్టరు ఆ పని చేస్తుంది. ఎర్ర బటను మోకాలికి అందేంత కింద, బల్ల ముందువైపు బిగించారు. రెండు చేతులూ చెక్క మీదున్నా మోకాలితో ఆపొచ్చని.

మీరూ కొనబోతే...

• బల్లను తట్టి వినండి. బీడు పగిలితే అతకడం కష్టం. అలాంటిది వదిలేయండి.

• బేరింగులు, బెల్టు, బిళ్ల మార్చుకోవచ్చు. వాటి అరుగుదలను బేరానికి వాడుకోండి.

• మోటారు రేకు చదవండి. ఇంటికి సింగిల్ ఫేజు కావాలి. పది నిమిషాలు నడిపించి చెయ్యి దగ్గర పెట్టండి, మాడిన వాసన వస్తే తీసుకోవద్దు.

• చీల, మూత ఉన్నాయేమో చూడండి. లేకపోతే బిగించడానికి చోటుందా అని చూడండి. చోటు కూడా లేని యంత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

• కొలిచేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు, బిళ్ల మార్చేటప్పుడు ప్లగ్గు పీకేయండి. స్విచ్చు ఆపడం ఒక్కటే సరిపోదు.

• పొడుగు చేతుల చొక్కా, కండువా, ఉంగరం, చేతి తొడుగులు... ఇవేవీ తిరిగే రంపం దగ్గరకు రాకూడదు. తొడుగు కాపాడదు, పట్టుకుని లోపలికి లాగుతుంది.

• ముక్కుకు మాస్కు ఉండాలి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది.

• పాత తలుపుల చెక్క కోసే ముందు అయస్కాంతం తిప్పి మేకులు వెతకండి.

మొదటి కోత

మిత్రుడి ఇంటి వెనక రేకుల షెడ్డులో యంత్రం కుదురుకుంది. మొదటి వస్తువుగా ఏం చేయాలన్న ఆలోచన అతనికి ఎప్పట్నుంచో ఉంది. కూతురికి చదువుకునే బల్ల. టేకు కూడా తెచ్చి పెట్టుకున్నాడు.

మేస్త్రీ ఆ టేకును పక్కన పెట్టించారు. తుక్కులోంచి మూరెడు ప్లైవుడ్ ముక్క తీసిచ్చారు. దాని మీద గీత గీసి, రంపం సూటికి నిలబడకుండా ఎడంవైపు జరిగి నిలబడమన్నారు. బిళ్ల చెక్క పైకి కొంచెమే తేలేలా బల్ల ఎత్తించారు. పచ్చ బటను నొక్కాక వేగం అందుకునే దాకా ఆగమన్నారు. కోత సాగింది. కోసిన సందు వెనక చీల మీదుగా జారుకుంటూ పోయింది. ఎక్కడా బిళ్లను తాకలేదు. ఎర్ర బటను నొక్కాక బిళ్ల పూర్తిగా ఆగే దాకా ఎవరూ కదల్లేదు.

ఆ ముక్కకు ఒక చివర ఉలితో గాటు పెట్టి, రెండో చివర పట్టుకోవడానికి వీలుగా గుండ్రం చేశారు. తోపుడు కర్ర. చెక్క చివరికొచ్చాక వేళ్ల బదులు రంపం వైపు వెళ్లేది అదే. మేస్త్రీ దాన్ని అటూఇటూ తిప్పి చూసి, యంత్రం పక్కనున్న మేకుకు తగిలించారు.

'బాగుంది సారూ. ఇంకోటి చెయ్యుండ్రి' అన్నారు.

రెండోది ఎందుకని మిత్రుడు అడిగాడు.

'ఒకటి రంపంల పడి ముక్కలైతే? చెయ్యి పెడతరా?'

కూతురి బల్ల పని ఆ తర్వాతి ఆదివారం మొదలైంది.